ఖర్చుతో సహా వంట చెప్పిన ఇసబెల్లా

వంటకం కిందే ఖర్చెంతో, ఎంతమందికి సరిపోతుందో రాసి ఉంటే ఇల్లాలికి ఎంత సుఖం! ఇంగ్లండులో ఆ అలవాటును ఇంటింటికీ చేర్చింది ఇసబెల్లా బీటన్. 1836లో లండన్‌లో పుట్టింది. పెళ్లయ్యాక భర్త నడిపే స్త్రీల పత్రికకు వంటల శీర్షిక రాసింది. 1857లో తొలిబిడ్డ పోయాడు. అయినా కలం ఆపలేదు. 1858 చలికాలంలో తన వంటింట్లోనే చవకగా సూప్ కాచి పేదలకు పోసింది. దాన్నీ పుస్తకానికెక్కించింది.

1861లో వచ్చిన ఆ గృహనిర్వహణ గ్రంథం తొలి ఏడాదే 60 వేల ప్రతులు అమ్ముడైంది. వంటకాలు చాలావరకు ఇతరులవే, అమరిక మాత్రం ఆమెది. రొట్టెలు, కేకులతో పాటు, ఆదివారం మిగిలిన మాంసాన్ని సోమవారం ఎలా వాడుకోవాలో వారం పట్టికలు వేసి చూపింది.

1865లో నాలుగో కాన్పయ్యాక బాలింత జ్వరంతో 28 ఏళ్లకే కన్నుమూసింది. ఆ వారం పట్టిక మాత్రం ఈనాటికీ మన వంటింటి గోడకు అతికించుకోదగ్గదే.