తీగె శిల్పి కాల్డర్

శిల్పమనగానే రాయి, కంచు, బరువు స్ఫురించడం లోకసహజం. అలెగ్జాండర్ కాల్డర్ పుట్టిన ఇంట ఈ భావం రెండు తరాలుగా పాదుకొని ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా పురపాలక భవన శిఖరాన నిలిచిన విలియం పెన్ కంచు విగ్రహం తాత మిల్న్ కాల్డర్ సృష్టి. దాని ఎత్తు 37 అడుగులు. తండ్రి స్టిర్లింగ్ కాల్డర్ పేరుమోసిన శిల్పి, తల్లి చిత్రకారిణి. అట్టి వంశంలో 1898లో జన్మించిన మనుమడు ఆ బరువునంతా దించివేసి, కొన్ని మూరల తీగెతోనూ ఒక పట్టకారుతోనూ శిల్పకళకు క్రొత్త త్రోవ తీశాడు.

బాల్యంలో వీథిలో దొరికిన రాగి తీగె ముక్కలను ఏరి తెచ్చి, అక్క పెగ్గీ బొమ్మలకు నగలు చేసేవాడు. అయినా తొలుత కళాభ్యాసానికి పూనుకోలేదు. స్టీవెన్స్ విద్యాలయంలో యంత్రశాస్త్రం చదివి 1919లో పట్టం పొందాడు. కొన్నేళ్ళు పలు కొలువులు చేసి, 1923లో న్యూయార్కులో చిత్రలేఖనం అభ్యసించాడు. 1926లో పారిస్ చేరాడు.

అక్కడ తీగె, గుడ్డ, బెండు, కొయ్యముక్కలతో ఒక బుల్లి సర్కస్సు నిర్మించాడు. దానిని నేలపై పరచి, తానే స్వయంగా ఆడించేవాడు. మీరో, లెజే, మోండ్రియాన్ వంటి చిత్రకారులు ఆ ఆట చూడవచ్చారు. మొదట రెండు పెట్టెలలో ఇమిడిన ఆ సర్కస్సు క్రమంగా ఐదు పెట్టెలకు పెరిగింది.

తీగెపని చూడ సులువు, చేయ కఠినం. రాగి తీగె చేతికి లొంగుతుంది, కాని బరువు పడితే వంగిపోతుంది. ఉక్కు తీగె బరువు మోస్తుంది, కాని వంచబోతే ఎదురు తిరుగుతుంది. పొరపాటున వంచిన చోట మడత గుర్తు నిలిచిపోతుంది. కాల్డర్ చాలవరకు టంకంతో అతకక, తీగెకు తీగెనే చుట్టి, కొక్కెం వేసి బిగించేవాడు. నర్తకి జోసెఫిన్ బేకర్‌ను ఇట్లే తీగెలో రూపొందించాడు. ఆ బొమ్మలో రేఖ మాత్రమే లోహం, దేహమంతా శూన్యం. వెనుక గోడపై పడే నీడ మరొక చిత్రం.

ఇది శిల్పమా, ఆటవస్తువా? ఈ ప్రశ్నకు సమాధానం మరొక మలుపులో లభించింది. 1930లో మోండ్రియాన్ చిత్రశాలలో గోడపై రంగుల దీర్ఘచతురస్రాలను చూచి, అవి కదలితే బాగుండునని కాల్డర్ సూచించాడు. మోండ్రియాన్ సమ్మతించలేదు. కాల్డర్ మాత్రం ఆ తలపు విడువలేదు. మొదట మరలతో కదలించాడు. పిమ్మట ఆ పని గాలికే అప్పగించాడు. ఆ కదలే శిల్పాలకు 1931లో మార్సెల్ డ్యూషాన్ పెట్టిన పేరు మొబైల్.

మొబైల్ కూర్పులో ఆయన యంత్రవిద్య అక్కరకు వచ్చింది. అన్నిటికంటె చివరనుండే చిన్న రేకుతో ఆరంభించి, ఒక్కొక్క కమ్మీకి తులామధ్యం వెదకి, ఆ మొత్తాన్ని పై కమ్మీకి వ్రేలాడదీస్తూ పైపైకి పోవాలి. ఒక్క రేకు బరువు మారితే మీది లెక్కంతా తప్పుతుంది. 1955లో గిరా సారాభాయ్ ఆహ్వానంపై మన దేశానికి వచ్చి, అహమ్మదాబాదులోనూ ఆయన ఇట్టి శిల్పాలు చేశాడు.

1976 నవంబరులో కాల్డర్ మరణించాడు. ఫిలడెల్ఫియాలో నేడు ఒకే రాజవీథి వెంట మూడు తరాలను చూడవచ్చు. ఒక కొసన తాత చేసిన విగ్రహం. నడుమ తండ్రి రూపొందించిన జలయంత్రం. రెండవ కొసన కళామందిరంలో మనుమడు 1964లో చేసిన తెల్లని మొబైల్. మొదటిది కదలదు. రెండవదానిలో నీరు కదులుతుంది. మూడవదానిలో శిల్పమే కదులుతుంది.