బజారుకు కాపుగా నిలిచిన హజ్రత్ షిఫా (రజి)

మక్కాలో ఇస్లాం వెలుగు ప్రసరించే నాటికి ఖురైషీయులలో చదవడం, రాయడం వచ్చినవారిని వేళ్లమీద లెక్కించవచ్చు. ఆ కొద్దిమందిలో ఒక మహిళ ఉన్నారు. ఆమే హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి). అసలు పేరు లైలా. వైద్యం తెలిసిన వ్యక్తి కావడంతో షిఫాగా ప్రసిద్ధి పొందారు. హజ్రత్ ఉమర్ (రజి) గారి వంశమైన బనూ అదీకి చెందిన ఈమె, హిజ్రత్‌కు పూర్వమే ఇస్లాం స్వీకరించి మదీనాకు వలస వెళ్లారు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయడం నేర్పింది ఈమే.

మదీనాలో దైవప్రవక్త (స) ఆమెకు ఒక ఇల్లు కేటాయించారు. కుమారుడు సులైమాన్‌తో కలిసి ఆమె అక్కడే ఉండేవారు. ఆ ఇల్లు మస్జిదుకూ బజారుకూ మధ్య ఉండేది. ఆమె జీవితం కూడా ఆ రెంటినీ కలిపిన బాటే.

ఆ బజారు నీతిని నెలకొల్పినవారు ప్రవక్త (స). ధాన్యపు రాశిలో చేయిపెట్టి, పైన ఎండు గింజలు పోసి అడుగున తడిసినవి దాచిన వర్తకుణ్ణి ఆయన మందలించారు. పాలు పిండకుండా నిలిపి, పొదుగు నిండుగా చూపి పశువును అమ్మితే, కొన్నవారు మూడు రోజుల్లోగా వాపసు ఇవ్వవచ్చన్నారు. సరుకుతో వచ్చే బిడారులకు బజారు ధర తెలియకముందే ఎదురెళ్లి కొనడాన్ని నిషేధించారు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి, కొనేవాడికి తెలిసింది అమ్మేవాడికి తెలియాలన్నదే ఈ నియమాల సారం.

హజ్రత్ ఉమర్ (రజి) క్రీ.శ. 634లో ఖలీఫా అయ్యారు. ఆయన షిఫా (రజి) సలహాలను ఎంతో గౌరవించేవారు. బజారు వ్యవహారాలు కొన్నింటిని ఆమెకు అప్పగించారని జీవితచరిత్రకారులు రాశారు. ఒకనాడు సులైమాన్ ఫజ్ర్ నమాజులో కనిపించలేదు. ఉమర్ (రజి) బజారుకు వెళుతూ దారిలో ఆమెను కారణం అడిగారు. రాత్రంతా నమాజు చేసి, తెల్లవారుజామున నిద్రపట్టిందని ఆ తల్లి చెప్పారు. రాత్రంతా చేసే ఆరాధన కన్నా ఫజ్ర్ జమాఅత్‌లో పాల్గొనడమే తనకు ఇష్టమని ఖలీఫా బదులిచ్చారు. నలుగురి మధ్య నెరవేర్చవలసిన విధికి ఆ సమాజం ఇచ్చిన విలువ అది.

దైవభీతి ఉన్న ఆ కాలంలో బజారుకు పర్యవేక్షణ ఎందుకు? లెక్క వేసి చూద్దాం. కిలో నలభై రూపాయల సరుకును యాభై గ్రాములు తక్కువ తూచితే కొన్నవారికి నష్టం రెండు రూపాయలే. దానికోసం ఒకరోజు కూలి పోగొట్టుకొని ఎవరు ఫిర్యాదు చేస్తారు? కాని రోజుకు మూడు వందల మందికి అలా తూచినవాడికి ఆరు వందలు మిగులుతాయి. ఆ సొమ్ముతో అతడు ధర కాస్త తగ్గిస్తే, సరిగా తూచే పక్క అంగడివాడు దెబ్బతింటాడు. నష్టం ముక్కలై పంచబడుతుంది, లాభం ఒకే చేతిలో పోగుపడుతుంది. కనుక ఫిర్యాదు కోసం ఎదురుచూసే చట్టం చాలదు. బజారులోకి వెళ్లి చూసే మనిషి కావాలి.

మన దేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం ఈ లోపాన్ని కొంత సవరించింది. ఆ చట్టం కింద 2020లో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తానే విచారణ చేపట్టవచ్చు. కొన్నవారు తాము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు.

మన పత్తికొండ టమాటా మార్కెట్‌నే చూడండి. ఉదయం పంట అమ్మిన రైతే, సాయంత్రం అదే ఊరి అంగడిలో బియ్యం, నూనె కొంటాడు. ధర తెలియక ఒకసారి, తూకం తెలియక మరోసారి మోసపోయే ప్రమాదం అతడిది. ఇక్కడ అంగడి నడిపే ముస్లిం సోదరులూ ఉన్నారు, కొనే అక్కచెల్లెళ్లూ ఉన్నారు. కాటాపై తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందా అని చూడడం, రసీదు అడగడం సిగ్గుపడవలసిన పనులు కావు. అవి మన తరువాత కొనే పేదవాడికి చేసే మేలు.

తూకంలో మోసగించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. జుమా నమాజు ముగించి మస్జిదు మెట్లు దిగి బజారులోకి నడిచేటప్పుడు, ఆ రెంటి మధ్యనున్న షిఫా (రజి) ఇంటిని గుర్తుచేసుకుందాం. అమ్మకంలోనూ కొనుగోలులోనూ న్యాయంగా మెలిగే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.