న్యూమన్ వదిలేసిన గుర్తు

2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రానికి చెందిన ఒక కంప్యూటర్‌లో మాల్వేర్ దొరికిందని అణు విద్యుత్ సంస్థ ఒప్పుకున్నప్పుడు నాకు జాన్ వాన్ న్యూమన్ గుర్తొచ్చారు. అలాంటి ఫైలును విప్పి చదివేవారికి ఎదురయ్యే తొలి చిక్కు ఒకటుంది. ఈ బైట్లలో ప్రాసెసర్ నడిపే ఆదేశాలేవి, ఊరికే దాచిన సమాచారమేది? ఆ చిక్కు మూలం ఆయన బల్ల మీదే ఉంది.

న్యూమన్ 1903లో బుడాపెస్ట్‌లో పుట్టారు. 1937లో అమెరికా పౌరుడయ్యారు. యుద్ధకాలంలో సైన్యానికి పేలుళ్ల లెక్కలు కట్టారు. ప్లుటోనియాన్ని అన్ని వైపుల నుంచీ లోపలికి నొక్కి పేల్చే బాంబుకు లాస్ అలమోస్‌లో గణితం సమకూర్చారు. 1944 వేసవిలో అబర్డీన్ రైల్వే ప్లాట్‌ఫాం మీద గోల్డ్‌స్టైన్ అనే సైనికాధికారి పరిచయమై, ఎనియాక్ కంప్యూటర్ సంగతి చెప్పారు.

మరుసటి ఏడాది జూన్‌లో ఎడ్వాక్ ముసాయిదా వచ్చింది. ఆదేశాలు, అంకెలు ఒకే మెమరీలో ఉండాలన్నది అందులోని ఆలోచన. (ఆ యంత్రం కోసం పనిచేసిన ఎకర్ట్, మాక్లీల పేర్లు లేకుండా అది న్యూమన్ పేరుతోనే వెలువడింది. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.) అయితే ఆ ముసాయిదాలో ప్రతి పదానికీ ఒక బిట్ గుర్తు ఉంది: 0 అయితే అంకె, 1 అయితే ఆదేశం. తర్వాత ప్రిన్స్‌టన్‌లో ఆయన కట్టించిన యంత్రంలో ఆ గుర్తు లేదు. 40 బిట్ల పదం ఒక సంఖ్య కావచ్చు, రెండు ఆదేశాలూ కావచ్చు. ప్రోగ్రాం తన ఆదేశాల్లోని చిరునామాలను తానే మార్చుకుంటూ నడిచేది.

నేటి కంప్యూటర్లలోనూ బైటు మీద ఆ గుర్తు లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక ఆదేశం 1 నుంచి 15 బైట్ల దాకా ఉంటుంది. మధ్యలో దాచిన ఒక్క బైటును ఆదేశమనుకుని చదివితే, ఆ వెనక కొన్ని ఆదేశాలు తప్పుగా తేలతాయి. మాల్వేర్ రాసేవారు కావాలనే అలాంటి బైట్లు చల్లుతారు. మొదటి ఆదేశం నుంచి దూకుళ్ల వెంట వెళ్లి చదవడం మెరుగే. కానీ నడిచేటప్పుడు లెక్కకట్టే చిరునామాకు దూకితే దారి తెగిపోతుంది. అన్ని ప్రోగ్రాములకూ తప్పులేకుండా పనిచేసే విధానం అసలు సాధ్యం కాదు. దాని మూలం 1936లో ట్యూరింగ్ చేసిన నిరూపణలో ఉంది.

న్యూమన్ చివరి రోజులు వాల్టర్ రీడ్ సైనిక ఆస్పత్రిలో గడిచాయి. క్యాన్సర్ మత్తులో అణు రహస్యాలు నోరు జారతాయేమోనని సైన్యం కాపలా పెట్టింది. 1957 ఫిబ్రవరి 8న, 53వ ఏట కన్నుమూశారు.