చీనా వైద్యుడు లీ షిజెన్

పూర్వము చీనా దేశమున చేత గంట పట్టుకొని, వీథివీథి తిరుగుచు మందులిచ్చు వైద్యులుండెడివారు. వారికి కూడు దొరకుటయే గాని సంఘమున గౌరవము లేదు. లీ షిజెన్ తాత అట్టి గంట వైద్యుడు. తండ్రి ఊర నిలిచి, మంచి హస్తవాసి గలవాడని పేరు తెచ్చుకొనెను. అయినను కుమారుడు ఈ వృత్తి విడిచి రాజోద్యోగి కావలెననియే ఆయన కోరిక.

షిజెన్ 1518వ సంవత్సరమున యాంగ్సీ నదీతీరమున, నేటి హూబే రాష్ట్రములోని చీజౌలో జన్మించెను. బాల్యమున తరచు జబ్బుపడుచుండెడివాడు. పదునాల్గవ యేట మొదటి పరీక్ష నెగ్గెను గాని, ఉద్యోగమునకు దారితీయు పెద్ద పరీక్షలో మూడుమారులు తప్పెను. ప్రాచీన గ్రంథములను వల్లించి, నియమిత శైలిలో వ్యాసము వ్రాయు నేర్పే ఆ పరీక్షకు కొలబద్ద. అధ్యాపకులమైన మనము గూడ ఇట్టి కొలబద్దలతో ఎందరిని తప్పించితిమో! తుదకు తండ్రి మనసు మార్చుకొని వైద్యము నేర్పెను.

ఆ వైద్యసూత్రము మనకు మిక్కిలి క్రొత్త కాదు. వాత పిత్త కఫముల సామ్యము ఆరోగ్యమని మనవారనినట్లే, యిన్, యాంగ్ అను రెండు విరుద్ధ శక్తుల సామ్యము, చీ అను ప్రాణశక్తి యొక్క నిరాటంక సంచారము ఆరోగ్యమని చీనావారనిరి. నాడి చూచి లోపమెరిగి, వేడి చేయునదో చలువ చేయునదో యెంచి మందిత్తురు. నాడిని గూర్చి షిజెన్ 1564లో ఒక గ్రంథము వ్రాసెను. ఈ సూత్రములను నేటి శరీరశాస్త్రము అంగీకరింపదు. వాని నీడన పోగైన మూలికల అనుభవము వేరు సంగతి.

ఆ అనుభవము గ్రంథములలో కలుషితమై యుండెను. ఒక మూలికకు రెండు పేర్లు, రెండు మూలికలకు ఒకే పేరు. ఒక్క పొరపాటుకు రోగి ప్రాణమే మూల్యము. పాదరసము సేవించినవారు చిరంజీవులగుదురని కొన్ని గ్రంథములు చెప్పగా, నాటి జియాజింగ్ చక్రవర్తియే అట్టి రసాయనములను మరగియుండెను. ఆస్థాన వైద్యశాలలో కొలదికాలము పనిచేసి వచ్చిన షిజెన్, పాదరసము విషమనియు, దానివలన చెడినవారికి లెక్కలేదనియు నిర్భయముగా వ్రాసెను.

1552లో ఆయన క్రొత్త ఓషధీ గ్రంథమునకు పూనుకొనెను. సుమారు 800 గ్రంథములు పరిశీలించెను. అంతటితో తృప్తిపడక వేటగాండ్రను, జాలరులను, కట్టెలు కొట్టువారిని అడిగి తెలిసికొనెను. అలుగు తన పొలుసులు విప్పి చీమలను పట్టి, నీట దిగి తినునని పూర్వులు వ్రాసిరి. షిజెన్ దాని కడుపు కోసి చూచి, అందు చీమలుండుట కన్నులార కనుగొనెను. ఉమ్మెత్త పూవును నవ్వుచు కోసి మద్యమున వేసిన, త్రాగినవాడు నవ్వునని ప్రతీతి. ఆయన దానిని పరీక్షించి చూచెను. సగము మత్తెక్కిన పిదప ఎదుట మరియొకడు నవ్విననే ఆ నవ్వు వచ్చునట! ఉమ్మెత్తను గంజాయితో కలిపి యిచ్చిన కోతబాధ తెలియదనియు ఆయన వ్రాసెను.

ముమ్మారు తిరుగవ్రాసి 1578లో ముగించిన ఆ గ్రంథము పేరు బెన్‌త్సావ్ గాంగ్‌మూ. 52 సంపుటములు, 1,892 ద్రవ్యములు, అందు 374 క్రొత్తవి, 11,096 యోగములు. అచ్చువేయువారు దొరకుటకే యేండ్లు పట్టెను. నాన్జింగ్‌లో అది వెలువడినది 1596లో. షిజెన్ 1593లోనే మరణించెను. కుమారుడు దానిని చక్రవర్తికి సమర్పించెను గాని ఆస్థానము పట్టించుకొనలేదు.

చలిజ్వరమునకు నాల్గవ శతాబ్దినాటి గ హోంగ్ చెప్పిన చింగ్‌హావ్ మూలికను షిజెన్ గూడ తన గ్రంథమున కెక్కించెను. దానిని కాచక, నీట నానవేసి పిండవలెనన్న గ హోంగ్ మాటను పట్టుకొనియే తూ యూయూ 1971లో మలేరియా మందును సాధించెను. అందులకు ఆమెకు 2015లో నోబెల్ బహుమతి లభించెను.

అలుగు కడుపు కోసి చూచినవాడు దాని పొలుసులను మాత్రము పరీక్షింపలేదు. కొండను తొలుచు జంతువు గనుక దేహనాళముల అడ్డు తొలగించునని, బాలింతకు పాలు పడునని నమ్మి వ్రాసెను. ఆ నమ్మకమునకు బలియై అలుగులు అంతరింప నారంభించెను. 2020లో చీనా ప్రభుత్వ ఔషధ సంహిత ఆ పొలుసులను తన పట్టికనుండి తొలగించెను.