రిటైరయ్యాక కాటన్ దొర ఎక్కడ ఉన్నారు?

మల్లాపూర్ దిక్కు ఎవరింట్ల కూర్చున్నా ఒక ముచ్చట తప్పకుండా వస్తది. దుబాయ్ నుంచి వాపస్ వచ్చినవాళ్ళు, నౌకరీ అయిపోయిన సార్లు ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? ఊర్లోనా, కోరుట్లలోనా, జగిత్యాలలోనా, పిల్లలున్న హైదరాబాద్‌లోనా? మన మండలానికి ఉత్తరాన పారే గోదావరి మీదనే, చాలా కింద, ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్‌కు కూడా ఒకనాడు ఇదే ప్రశ్న ఎదురైంది.

1803లో పుట్టిన కాటన్, 18 ఏళ్ళకే మద్రాసు ఇంజనీర్లలో పని చేయడానికి మన దేశం వచ్చారు. కావేరి, కొల్లడం పనులు చేశాక గోదావరి డెల్టా కరువు చూశారు. 1847లో ఆనకట్ట మొదలైంది, 1852కి పూర్తయింది. నాలుగు పాయల మీద కలిపి సుమారు 3.6 కిలోమీటర్ల కట్టడం. సిమెంటు కాంక్రీటు లేని రోజులు, అది మాత్రం మన సివిల్ వాళ్ళు గుర్తుంచుకోవాలి! పని మధ్యలోనే ఆరోగ్యం చెడి, 1848లో ఆస్ట్రేలియా వెళ్ళాల్సి వచ్చింది. అప్పుడు పని చూసుకున్నది కెప్టెన్ ఓర్.

1860లో సర్వీసు అయిపోయేసరికి ఆయన ముందు మూడు చోట్లు ఉన్నాయనుకోవచ్చు. ఒకటి, సగం జీవితం ధారపోసిన ఈ నేల. కానీ ఇక్కడి ఎండ, జ్వరాలు ఆయన ఒంటికి పడలేదు. రెండోది టాస్మేనియా. భార్య ఎలిజబెత్ పుట్టింటివాళ్ళు అక్కడ స్థిరపడ్డవాళ్ళే, 1841లో పెళ్ళి కూడా అటు వెళ్ళినప్పుడే జరిగింది. మూడోది పుట్టిన దేశం. ఆయన ఇంగ్లండ్‌కే పోయారు. చివరికి కుదురుకున్నది లండన్‌కు దక్షిణాన, సర్రే జిల్లాలోని డార్కింగ్ అనే చిన్న పట్నంలో.

అక్కడ పారేది మోల్ అనే చిన్న నది. గోదావరి చూసిన కళ్ళకు అది పిల్లకాలువే. కానీ డార్కింగ్ నుంచి లండన్‌కు రైలుంది. రైళ్ళ మీద కన్నా కాలువల మీద డబ్బు పెట్టండని జీవితమంతా కొట్లాడిన మనిషి, పార్లమెంటుకు రైల్లో పోయి వచ్చేంత దూరంలో ఉండటం నాకు తమాషాగా అనిపిస్తది. 1876–78 కరువులో దక్షిణ భారతంలో లక్షల మంది చనిపోయారు. 1878లో పార్లమెంటు కమిటీ ముందు 75 ఏళ్ళ కాటన్ మళ్ళీ కాలువల కోసమే వాదించారు. సర్కారుకు ఆ వాదన ఎక్కలేదు, ఖర్చు ఎక్కువన్నారు.

వాదన ఓడిపోయాక ఇంటి తోట మిగిలింది. మామూలు దున్నకం కన్నా చాలా లోతుగా మట్టి తవ్వించి గోధుమలు వేసి, దిగుబడి ఎంత పెరుగుతుందో చూసేవారు. ముసలితనంలో కూడా ఆ ధ్యాస తిండిగింజల మీదనే. వాకిట్ల పూలకుండీలు పెట్టుకొని కూర్చునే రిటైర్మెంట్ కాదది.

1899 జులై 24న, 96 ఏళ్ళ వయసులో డార్కింగ్‌లోనే కన్నుమూశారు. సమాధి కూడా ఆ ఊరి శ్మశానంలోనే ఉంది. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్ళు కొందరు అక్కడికి వెళ్ళి పూలు పెట్టి వస్తుంటారు.