క్యాన్సర్ కణాల ఆహారాన్ని అడ్డుకున్న యల్లాప్రగడ సుబ్బారావు

సీతంపేట: రక్తహీనత నివారణకు మన్యంలోని గర్భిణులకు అందజేసే మాత్రలలోని ఫోలిక్ ఆమ్లం వెనుక డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కృషి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన, సోదరుడు స్ప్రూ వ్యాధికి బలికావడంతో వైద్య పరిశోధనకు అంకితమై 1923లో అమెరికా వెళ్ళారు. అక్కడి లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఈ విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసింది.

కణ విభజనకు ఫోలిక్ ఆమ్లం ఆవశ్యకం. అదుపు లేకుండా విభజన చెందే క్యాన్సర్ కణాలకు దాని అవసరం మరింత ఎక్కువ. కనుక దానిని పోలి ఉంటూనే విభజనను నిలిపివేసే అమినోప్టెరిన్‌ను ఆ బృందం రూపొందించింది. రక్త క్యాన్సర్ పీడితులైన 16 మంది చిన్నారులలో 10 మందికి దీనితో తాత్కాలికంగా ఉపశమనం కలిగినట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

మాయ కణాలలో పుట్టి, రక్తం ద్వారా ఊపిరితిత్తులకు పాకిన క్యాన్సర్‌ను సైతం 1956లో నయం చేసిన మెథోట్రెక్సేట్ ఈ కోవలోనిదే. అది నేటికీ వినియోగంలో ఉండటం గమనార్హం.