పంచాయితిని నమ్మిన మన్రోదొర

నాదర్‌గుల్ పరిసరములలో నొకప్పుడు పంటలు పండిన నేలలు నేడు ఇండ్లస్థలము లగుచున్నవి. నేల విలువ హెచ్చినకొలది గట్టుతగవులును, అన్నదమ్ముల పంపకపు తగవులును హెచ్చుట సహజము. తగవు పుట్టినంతనే వకీలు నాశ్రయించి ఎల్.బి.నగరులోని జిల్లా న్యాయస్థానముల మెట్లెక్కవలయునా, లేక ఉభయులకు నమ్మకమైన పెద్దమనుష్యుల యెదుట కూర్చుండి సమాధానపడవలయునా యనునది మన యిండ్లలో తరచుగా వినబడు ప్రశ్న. రెండువందల యేండ్లకు పూర్వమే తెలుగునాట నీ ప్రశ్ననెదుర్కొని, దానికై శాసనములను పుట్టించిన యొక పురుషుని చరిత్రమును ఈ సంచికలో మా చదువరులకు విన్నవింతుము. ఆయనయే సర్ తామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్జీనియాతో పొగాకు వర్తకము చేయుచుండెను. అమెరికా స్వాతంత్ర్యయుద్ధముచే నా వర్తకము చెడి, కుటుంబమునకు దుర్దశ ప్రాప్తించెను. బాల్యమున తట్టు సోకుటచే మన్రోకు వినికిడి కొంత మందగించెను. అట్టి వాడు తరువాతి కాలమున వేలకొలది రైతుల మొరలను ఓపికతో వినువాడయ్యె ననుట మాకు వింతగా తోచుచున్నది. పరుల మాట వినుటకు చెవికంటె మనసే ముఖ్యము గదా!

1780 జనవరిలో ఆయన ఈస్టిండియా కంపెనీ పటాలమున చేరి చెన్నపట్టణమునకు వచ్చెను. హైదరాలీతో జరిగిన యుద్ధమున పాల్గొనెను. పారసీ, హిందూస్తానీ భాషలను అభ్యసించెను. 1792లో టిప్పుసుల్తానువలన కంపెనీకి దక్కిన బారామహలు సీమకు ఆయనను కెప్టెను రీడుదొరకు సహాయకునిగా పంపిరి. అచ్చట ఏడేండ్లు పల్లెలు తిరిగి, పొలము కొలతయు, పన్ను నిర్ణయమును, రైతు కష్టమును నేర్చుకొనెను. 1799లో కన్నడసీమకు పోయి పనిచేసెను.

1800వ సంవత్సరమున హైదరాబాదు నిజాము, తన రక్షణకై నియమింపబడిన యింగ్లీషు సైన్యపు వ్యయమునకు బదులుగా, కొన్ని మండలములను కంపెనీకి దత్తము చేసెను. ఇప్పటి బళ్ళారి, అనంతపురము, కడప మండలములును, కర్నూలు సీమలో కొంత భాగమును అందు చేరియుండెను. వీనికే దత్తమండలములని పేరు. తెలుగు భాగమును పిమ్మట రాయలసీమ యనిరి. మన్రో వీనికి ప్రధాన కలెక్టరుగా నియమింపబడెను. అప్పుడా సీమలో దాదాపు ఎనుబదిమంది పాళెగాండ్రుండిరి. ఒకరిపై నొకరు దండెత్తుటయు, పల్లెలను దోచుటయు సామాన్యముగా నుండెను. న్యాయమనగా బలవంతుని మాట.

మన్రో 1800 మొదలు 1807 వరకు చాలకాలము డేరాలలో కాపురముండి, గుఱ్ఱముపై ఊరూరు తిరిగెను. రైతులు ఆయన డేరాకు నేరుగా వచ్చి తమ గోడు చెప్పుకొనుచుండిరి. ఊరి కరణమును, రెడ్డిని, వృద్ధులైన కాపులను పిలిపించి విచారించుట ఆయనకు వాడుక. ఆ గట్టు నెరిగినవారు ఆ గట్టుప్రక్కనే యుందురు. అబద్ధమాడినవాడు మరునాడు ఆ బావి కడనే నిలువవలెను. కావున ఊరిలో చెల్లని బొంకు దూరపు కచేరిలో చెల్లునని ఆయన గ్రహించెను.

ఐనను మన్రోయందు లోపములు లేవనుట సత్యము కాదు. పాళెగాండ్రను ఆయన అణచిన విధము మిక్కిలి కఠినమని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. ఆయన విధించిన పన్ను రైతులకు భారమయ్యెను. 1807లో సీమను విడుచుటకు ముందు, నూటికి ఇరువదియైదువంతున తగ్గింపవలసినదని తానే సిఫారసు చేసెను. తన పనిలోని తప్పును తాను చెప్పగలుగుట తగవులు తీర్చువానికి మొదటి యోగ్యత యని మా యభిప్రాయము.

ఇంతలో 1802లో మదరాసు రాజధానియందు, వంగదేశపు పద్ధతి ననుసరించి, జిల్లా న్యాయస్థానములు ఏర్పడెను. న్యాయాధిపతులు కొద్దిమంది, వారికి దేశభాష సరిగా రాదు. రైతు ఎద్దులను, సేద్యమును విడిచి, సాక్షులను వెంటబెట్టుకొని, దినములకొలది నడిచి పోవలెను. వ్యాజ్యెములు గుట్టలుగా పేరుకొనెను. గెలిచినవానికిని ఖర్చులే మిగులుచుండెను.

మన్రో 1807లో సీమకు పోయి, పార్లమెంటు విచారణసంఘముల యెదుట సాక్ష్య మిచ్చెను. ప్రజలు తరతరములుగా నెరిగిన పంచాయితిని విడుచుట తప్పని ఆయన వాదము. పంచాయితిదారులలో లంచగొండులు ఉండవచ్చుననియు ఆయన యెరుగును. న్యాయస్థానముల సంస్కరణమునకై ఏర్పరచిన సంఘమునకు ప్రధానుడుగా 1814లో మరల మదరాసు చేరెను. ఆ కృషి ఫలితముగా 1816లో క్రొత్త శాసనములు వెలువడెను.

వాని సారాంశ మిది. గ్రామపెద్దయే గ్రామమునసబు. పది ఆర్కాటు రూపాయలకు మించని బాకీ తగవులను అతడే తీర్చవచ్చును. ఉభయపక్షములవారును ఒప్పుకొన్నచో నూరు రూపాయలవరకు తీర్పరిగా నుండవచ్చును. ఇరువురును కోరినప్పుడు గ్రామపంచాయితిని కూర్చవచ్చును. అందు సొమ్ముకు పరిమితి లేదు. వీరికిపైగా జిల్లామునసబులను దేశీయులనుండియే నియమించిరి.

మరి ఫలిత మేమయ్యెను? పంచాయితి శాసనము మన్రో తలచినంతగా సాగలేదు. ప్రజలు ఎక్కువగా జిల్లామునసబుల కడకే పోయిరి. కారణమును వెదకుట కష్టము కాదు. పంచాయితికి ఇరువురి సమ్మతియు కావలెను. తప్పు తనదని యెరిగినవాడు సమ్మతించుట యరుదు. పంచాయితిదారులకు జీతము లేదు, నింద మాత్రము గలదు. మన్రో డేరాయెదుట తగవులు సమసినది శాసనబలముచే గాదు, నమ్మకముచేత. శాసనము పంచాయితిని కూర్చగలదు గాని నమ్మకమును కూర్చలేదు. ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన ముఖ్యాంశ మిదియే.

1820లో మన్రో మదరాసు గవర్నరయ్యెను. 1822లో రాజధానియందలి దేశీయ పాఠశాలలను లెక్కింపించెను. అవి 12,498 అని తేలినది. స్వదేశమునకు మరలవలెనని కోరినను బర్మాయుద్ధము కారణముగా నిలిచెను. 1827లో, తుదకు బయలుదేరుటకు ముందు, తన దత్తమండలముల ప్రజలను కడసారి చూడబోయి, జూలై 6వ తేదీన పత్తికొండలో వాంతిభేదిచే మరణించెను. గుత్తిలో ఆయనను పాతిపెట్టిరి. 1831లో అస్థులను మదరాసు కోటలోని సెయింటుమేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆయన పేర తోపును బావియు వెలసెను. ఆ సీమవారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

ఆయన తలపు మాత్రము చావలేదు. నేడు స్వతంత్రభారతమున 1987 నాటి న్యాయసేవల చట్టముచే లోక్ అదాలతులు ఏర్పడినవి. అచ్చట కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కోర్టులో నున్న దావా అట్లు పరిష్కారమైనచో చెల్లించిన రుసుము తిరిగి వచ్చును. తీర్పరుల విషయమై 1996లోను, రాజీ కుదుర్చు మధ్యవర్తుల విషయమై 2023లోను చట్టములు వెలువడెను. 2021 డిసెంబరులో మన హైదరాబాదుననే అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రము ప్రారంభమయ్యెను.

ఐనను మెలకువ యవసరము. ఊరిపెద్దలమని చెప్పుకొని, బలహీనుని బెదిరించి జరిమానా విధించుట పంచాయితి కాదు, దౌర్జన్యము. ఘోరనేరములు రాజీకి తగవు. వానికి న్యాయస్థానమే శరణ్యము. ఉభయుల సమ్మతియు లేనిచోట మధ్యవర్తిత్వమే లేదు.

విద్యార్థులారా! మీ తరగతిలో బల్లకొరకో, ఆటలో పరుగుకొరకో తగవు వచ్చినప్పుడు, మొదట ఎదుటివాని మాటను తుదివరకు వినుడు. ఇరువురు నమ్మిన మూడవవానిని పిలువుడు. అతని మాట మీకు ప్రతికూలమైనను పాటింపుడు. పెద్దవారైన పిమ్మట గట్టుతగవు వచ్చినప్పుడు ఈ యలవాటే మీ పొలమును, మీ చెలిమిని కాపాడును. నమ్మకము శాసనములచే పుట్టదు. అది బాల్యమునుండి మనము ఆడిన మాటలచేతను, నిలుపుకొన్న మాటలచేతను పెరుగును.